ఆ పుట్టుమచ్చ పాతదే

జూన్ 9
మా ఆయనకి విరేచనంలో మళ్ళీ రక్తం. మొలలేనని తన తీర్మానం. నెలల తరబడి కంద కూర, మజ్జిగ. "డాక్టర్‌కి చూపిద్దామండీ" అంటే సిగ్గు. పైగా "కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అని నవ్వు. ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు కదా, ఇంట్లోనూ ఫైలు తొక్కిపెట్టారు.

జూన్ 17
చూపించాం, చివరికి. పేగు చివర చిన్న గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపారు.

జూలై 1
మొలలు కావు. మెలనోమా. అది చర్మానికి వచ్చే క్యాన్సర్ కదా... "లోపలా వస్తుందమ్మా, చాలా అరుదు" అన్నారు పెద్ద డాక్టరు. మామూలుగా నల్లగా ఉంటుందట, ఈ గడ్డ అలా లేదు, అందుకే తేల్చడానికి ఇన్ని పరీక్షలట. మెట్రోలో ఇంటికొచ్చాం. నాకు కోపం. ఎవరి మీదో తెలియదు.

జూలై 4
ఒంటి మీద మొదలై లోపలికి పాకిందేమోనని అరికాళ్ళు, గోళ్ళు, కళ్ళు — అన్నీ వెతికారు. వీపు మీది పుట్టుమచ్చ దగ్గర ఆగింది చర్మం డాక్టరమ్మాయి. "ఆంటీజీ, యే పురానా హై క్యా?"
పాతదా! పెళ్ళికి ముందు, మేం అద్దెకుండే కటవారియా సరాయ్‌లో, పక్క డాబా మీద, కుళాయి కింద బనీను లేకుండా ఒకడు. పేరు తెలియకముందే ఆ మచ్చ తెలుసు. అతను సివిల్స్‌కి, నేను బ్యాంకు పరీక్షలకి. "ఏవండోయ్, మాక్కూడా నీళ్ళు ఉంచండి!" అని అరిచాను. అదే మా మొదటి మాట. ఒక కూలరు, ఒక స్టవ్వు, ఎప్పుడూ ఆకలి. ఎంత బాగుండేవి ఆ రోజులు.
"బహుత్ పురానా, బేటా" అన్నాను. ఆ మచ్చ ఏ పాపమూ ఎరగదు.

జూలై 12
స్కాన్‌లో ఇంకెక్కడా లేదు. పెద్ద ఆపరేషన్ చేసి పొట్టకు మలం సంచి పెట్టినా ఆయుష్షు పెరుగుతుందన్న భరోసా లేదట. గడ్డ వరకే తీస్తారు.

ఆగస్టు 20
ఆపరేషన్ అయ్యాక ఇది రెండో డ్రిప్. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందట. సూది చేతికుండగానే ఆయన డాబా కబుర్లు. "నువ్వరిచింది నీళ్ళ కోసం కాదులేవే." అబ్బో!

సెప్టెంబరు 28
సోమవారం మళ్ళీ స్కాన్. తిరగబెట్టిందో లేదో అందులో తేలుతుంది.
టీ తాగుతూ, ఆఫీసు ఖర్చుతో ఊళ్ళు తిరిగొచ్చే ఎల్‌టీసీ సంగతి ఎత్తారు. "అండమాన్ వెళ్దామే. డిసెంబర్లోనా, మార్చిలోనా?"
"డిసెంబర్లోనే." నోట్లోంచి వచ్చేసింది.
"అంత తొందరేంటే..." అని ఆగిపోయారు. "సరే, డిసెంబరే" అన్నారు.
ధైర్యంగా మార్చి అనాల్సింది నేను. ఇప్పటికీ నోరు రావడం లేదు...