నాలుగు రకాల గోళ్లు, ఒక నిశ్చితార్థం

ఫిబ్రవరి 2, సోమవారం
ఈ క్షణం నుంచి గోళ్లు కొరకను. ఒట్టు!
21న సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌లో కృనేష్‌తో నా నిశ్చితార్థం. ఉంగరం తొడిగేటప్పుడు వేళ్లను దగ్గరగా తీస్తానన్నాడు ఫొటోగ్రాఫర్. ఆ ఫొటో ఫిజీలో ఉన్న కృనేష్ వాళ్ల బంధువులందరికీ వెళ్తుంది. నా గోళ్లేమో ఎలుక కొరికిన సబ్బుముక్కల్లా ఉన్నాయి. కాబోయే అత్తగారు సరోజ్ ఆంటీ ముందు ఇంతవరకూ చేతులు చున్నీ కిందే దాచాను. ఇక దాచను. సాధించి తీరతాను!

ఫిబ్రవరి 3
ట్రైను పారమట్టా చేరేసరికి చిటికెనవేలి గోరు పూర్తి. నిద్రమత్తులో జరిగింది కాబట్టి లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 7, శనివారం
పెట్టుడు గోళ్లే దారి! సెలూన్‌లో పనిచేసే ఆండాళ్ మన గుంటూరమ్మాయే, యూనివర్సిటీలో చదువుతోంది. అన్నీ చూపించింది. యాక్రిలిక్ అయితే రాయిలా గట్టిపడుతుందట. జెల్ తేలిక, లైటు కింద ఆరబెడతారు. పెట్టెలో వచ్చేవి జిగురు రాసి అంటించుకోవడమే.
"మీరు కొరుకుతారుగా అక్కా, యాక్రిలిక్ బెస్ట్. పన్ను విరిగినా అది విరగదు."
యాక్రిలిక్! ఎర్రవి! పొడవైనవి! ఈ చేతులు నావేనా?

ఫిబ్రవరి 8
పప్పన్నం స్పూనుతో తిన్నాను. జీన్సు బొత్తాం మా హౌస్‌మేట్ సింధుజ పెట్టింది. కాంటాక్ట్ లెన్సుల సంగతి రాయదలచుకోలేదు.

ఫిబ్రవరి 10
మేనేజర్‌కి "ఓకే" అని కొట్టబోతే "ఓకేకేకేకే" వెళ్లింది. "ఆర్ యూ ఆల్‌రైట్?" అని ఫోన్ చేశాడు. కంగారులో వేలు నోట్లో పెట్టుకున్నాను. ప్లాస్టిక్ రుచి. మరీ అంత చెడ్డగా లేదు.

ఫిబ్రవరి 12
యాక్రిలిక్ తీయించి జెల్ వేయించాను. పొట్టివి, గులాబీ రంగు. నాకు తగినవి ఇవే! ఆండాళ్ మొదటే గట్టిగా చెప్పాల్సింది.

ఫిబ్రవరి 15
బస్సులో జెల్ అంచు కాస్త లేచింది. లాగితే పొర మొత్తం ఊడొచ్చింది. ఎంత హాయి! దిగేసరికి ఒక చెయ్యి ఖాళీ.
ఇది కొరకడం కాదు. ఒలవడం.

ఫిబ్రవరి 17
రెండో చెయ్యీ ఒలిచేశాను, రెండూ ఒకేలా ఉండాలి కదా. కింద నా సొంత గోళ్లు కనిపించాయి. చాలా రోజులైంది చూసి. కొరికాను.
ఆండాళ్ చేతులెత్తేసింది. "ఇప్పుడు నేనేం వెయ్యను అక్కా. గోళ్లు కాగితాల్లా ఐపోయినై. అంటించుకునేవి కొనుక్కోండి."

ఫిబ్రవరి 21, శనివారం
పొద్దున్నే జిగురుతో అంటించాను. ఒకటి ఫోనుకు అంటుకుంది, ఇంకోటి పెట్టుకున్నాను.
ఉంగరం కణుపు దగ్గర ఆగింది. కృనేష్ తోశాడు. నేను వేలు లాగాను. గోరు ఎగిరి, సరోజ్ ఆంటీ పట్టుకున్న పళ్లెంలో, కుంకుమ గిన్నెలో నిటారుగా నిలబడింది. కెమెరా క్లిక్‌మంది.
అమ్మ కళ్లు మూసుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. పెళ్లి ఇక్కడితో సరి అనుకున్నాను.
ఆంటీ గిన్నెలోని గోరును చూసింది. నా బోసి వేలు చూసింది. వాళ్ల నానమ్మ నేర్పిన నాలుగు తెలుగు ముక్కల్లో అడిగింది: "వైశాలీ, గోరు కొరుకుతావా బేటీ?"
తలూపాను.
ఆవిడ తన మెరూన్ రంగు పెట్టుడు గోరు టక్కున పీకి నా గోరు పక్కన గుచ్చింది. కింద ఉన్నది అచ్చం నా వేలే!
"థర్టీ ఇయర్స్! కృనేష్ డాడీకి కూడా తెలీదు."
"వాట్?" అన్నారు కృనేష్ డాడీ.
ఆంటీ నన్ను గట్టిగా కావలించుకుంది. ఏడుస్తూనే నవ్వాను.

ఫిబ్రవరి 23, సోమవారం
పెళ్లి జూన్‌లో. ఈ క్షణం నుంచి ఆంటీ, నేనూ గోళ్లు కొరకం. ఇద్దరి మీదా ఒట్టు! ఈసారి డిప్ పౌడర్: గోరును పొడిలో ముంచి తీస్తారట. శనివారం ఇద్దరికీ ఆండాళ్ దగ్గర అపాయింట్‌మెంట్.
సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది.
"కొరికినావా బేటీ?"
"ఒక్కటి కూడా లేదాంటీ. మీరు?"
"నేనూ అంతే."
ఆవిడ మాట నోట్లో వేలున్నట్టు కాస్త ముద్దగా వచ్చింది. నా మాటా అలాగే వచ్చింది.