మిషను అమ్మకు

ఏమోయ్, నేనూ చెల్లాయీ బాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు.

అక్షరాలు చీమల్లా ఉన్నాయని విసుక్కోకు. ఈ పార్కిన్సన్స్ జబ్బుకి చేతిరాత కూడా చిక్కిపోతుందట. పోనీలే, కార్డులో నాలుగు ముక్కలు ఎక్కువ పడుతున్నాయి.

ఈ జబ్బున్నవాళ్లకి ఇక్కడ డాన్సు నేర్పుతారు. చెల్లాయి నన్నూ చేర్పించింది. నవ్వకు! నిన్న ఆ హాలు గుమ్మంలోనే నా కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. వెనకవాళ్లంతా ఆగిపోయారు. సిగ్గుతో చచ్చాననుకో. టీచరమ్మ నన్ను లాగనూ లేదు, తొయ్యనూ లేదు.

"బాబాయ్, మీరేం పని చేసేవారు?" అంది.

"దర్జీని."

"అయితే మిషను తొక్కండి."

మనసులో తొక్కుతూ, టకటకమని నోటితో అన్నాను. నా వెనకున్న రిటైరైన బస్సు డ్రైవరూ అందుకున్నాడు. ఆ చప్పుడు మీద కుడికాలు లేచింది, దాని వెంటే ఎడమకాలు. ఇద్దరం చేతులు పట్టుకుని హాలంతా చుట్టేశాం. వణుకు పోలేదు గానీ, ఎవరి వణుకు ఎవరిదో తెలియలేదు.

నీ దగ్గు తగ్గిందా? వంటింటి కుళాయి బాగుచేయించావా? నా చెప్పులు జారుతున్నాయి, వెనక పట్టీ ఉన్న జత పంపించు. మనవరాలికి ఆశీస్సులు.

అసలు సంగతి. ఇక నాకెందుకు, మిషను అమ్మేయమన్నాను కదా, అమ్మకు. బేరం కుదిరినా సరే, వద్దని చెప్పెయ్యి. నేనొచ్చాక గుమ్మంలో ఆగిపోతే ఎప్పట్లా చెయ్యి పట్టుకు లాగకు. లోపల కూర్చుని మిషను తొక్కు. ఆ చప్పుడు పట్టుకుని వచ్చేస్తాను.

నీ దర్జీ