విమానంలోంచి కనిపించిన నీటిదారి

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నేను బోరుబండి పనికి ఆఫ్రికా వచ్చాను. పని ఉన్న ఊరికి రోడ్డు లేదు, పన్నెండు సీట్ల విమానమే దిక్కు. దాన్ని నడిపే కంపెనీకి ఉన్నవే రెండు విమానాలు. ఎక్కేముందు మనుషుల్ని కూడా కాటా మీద నిలబెట్టారు. "చింతామణి మండీలో టమోటా బుట్టలు తూసినట్ల తూస్తాండారు కదప్పా, నిన్ను కొసరు కింద ఏస్తారు," అన్నాడు తోటి పనివాడు శీనన్న. బరువు తక్కువని నన్ను పైలట్ పక్కన కూర్చోబెట్టారు.

పైకి లేచాక కిందికి చూశాను. అంతా ఎర్రనేల, ఎంత చూసినా ఒక్క ఇల్లు లేదు. దాని మధ్యలో ఒక పచ్చటి గీత, దారం పట్టి గీసినట్టు పోతోంది. ఏరు లేదు, కాలువ లేదు, చెట్లు మాత్రం ఒకదాని వెనక ఒకటి. నాకొచ్చిన ఇంగ్లీషులో పైలట్‌ని అడిగాను. అడుగున బండ పగిలి ఉంది, ఆ పగులులో నీళ్లున్నాయి అన్నాడు.

నువ్వు అరచేతిలో టెంకాయ పెట్టుకుని మన గూళూరు బీళ్లలో బోరుకు నీళ్లు ఎక్కడున్నాయో చూస్తూ ఇదే చెప్పేవాడివి. "నీళ్లు గీత మాదిరి పోతాండాయిరా. ఒక అడుగు పక్కకేస్తే దుమ్మే." మన చేలో నువ్వు చూపిన చోట రెండు బోర్లూ దుమ్మే పోశాయి. జనం ముందు నిన్ను దొంగ అన్నాను. నువ్వు టెంకాయ కింద పెట్టి ఇంటికి నడిచావు.

భూమి లోపలి దారి నాకు పైనుంచి ఒక్క చూపులో కనిపించింది. నువ్వు చెప్పులు లేకుండా నేల మీద నడుస్తూ దాన్ని వెతికావు. ఎవడిని కొట్టాలో తెలియని కోపం వచ్చింది.

దిగాక, పని ఉన్న ఊరిదాకా వచ్చిన ఆ చెట్ల వరస మీదే నేను బోరు వేయాల్సిన పాయింటు చూపించాను. మొదటి బోరులో దుమ్మే వచ్చింది. నన్ను ఎవడూ దొంగ అనలేదు. ఇంజనీరు వచ్చి, నాలుగు అడుగులు జరిగి మళ్లీ వేద్దాం అన్నాడు.