హీటర్ ప్లగ్ మార్చిన పొద్దు

మల్లేశన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పికప్ బండి వారం రోజులుగా పొద్దున స్టార్ట్ కావడం లేదు. డీజిల్ ఇంజన్‌ను స్టార్ట్ చేసే ముందు వేడెక్కించే హీటర్ ప్లగ్ కాలిపోయింది.

"ముషీరాబాద్ మెకానిక్‌ను పిలువు. గా పని మన పెద్దోడికే వస్తుండె, నీతోని కాదు," అన్నాడు నాయిన. ఆ మాటకే నాకు పౌరుషం వచ్చింది.

చిక్కడపల్లిలో మన ఇంటి ముందే బానెట్ ఎత్తాను. పాత ప్లగ్ మసిపట్టి బిగుసుకుపోయింది. లోపల విరిగితే ఇంజన్ విప్పాల్సిందే. కిరోసిన్ పోసి గంటసేపు నానబెట్టి, స్పానర్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ విరగకుండా బయటికి తీశాను. కొత్తది బిగించి తాళం తిప్పగానే బండి స్టార్ట్ అయింది.

నాయిన గడప మీది నుంచి లేచి వచ్చాడు. ఇంజన్ చప్పుడు వింటూ, "అచ్చం మల్లేశం చేసినట్లే ఉన్నది," అన్నాడు.

మసి చేతులతో ఆయన ఎదురుగా నిలబడ్డది నేను. నువ్వున్నన్నాళ్లూ నాయిన నోట నీ పేరే. ఇప్పుడు కూడా నీదేనా అన్నా? పోయినవాడి మీద ఈర్ష్య పడుతున్నందుకు సిగ్గేసింది, కానీ ఈర్ష్య తగ్గలేదు.

బానెట్ మూసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. నాయిన కూడా బండి ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"నారాయణగూడ దాకా పోయొద్దాం పా, మల్లేశా."

నీ పేరుకే పలికాను. "సరే నాయినా," అని గేరు వేశాను.

నీ తమ్ముడు,
నర్సింలు