బాలవ్వను ఈడ్చుకొచ్చిన ఆదివారం

లక్సెట్టిపేటలో ఉన్న అవ్వకు, నీ బిడ్డ ప్రిస్కిల్లా ప్రభువు పేర వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ప్రాణాలతో ఉన్నాం. నీ అల్లుడి చేతికి కట్టు ఇంకా విప్పలేదు కానీ చెంచాతో తానే తింటున్నాడు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని, కోత పండుగకు చర్చి దాకా నడిచే వెళ్లావని తెలిసి సంతోషమైంది.

నువ్వు చెబుతుంటే నవనీత రాసిన ఉత్తరం అందింది. ఫోన్ ఎత్తడం లేదని కోపం చేశావు. నీ గొంతు వింటే నాకు ఏడుపు ముంచుకొస్తుంది. అందుకే రాస్తున్నాను. నవనీతా, అమ్మా, మీ నాయనమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు. ఏదీ దాటేయకు.

చర్చి కూలగొట్టారట నిజమేనా అని అడిగావు. లేదవ్వా. కిటికీలు పగిలాయి, అంతే. మన మనిషి కాని ముసలిదాని కోసం అల్లుడు ఎందుకు తన్నులు తిన్నాడని కూడా అడిగావు. అది చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

బాలవ్వ ఈ ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె. చీపుళ్లు కట్టి అమ్ముకుంటుంది. ట్రాక్టర్ నడిపే రాకేశ్ చిన్న పాప ఈమధ్య జ్వరంతో చనిపోయింది. కాగజ్‌నగర్ తీసుకుపోయారు, అక్కడి నుంచి మంచిర్యాల తీసుకుపోయారు, నిలవలేదు. జ్వరం రాకముందు బాలవ్వ ఇచ్చిన రేగుపండ్లు తిన్నదని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట చాలింది. ముసలిది బాణామతి చేసిందని, చేతబడితో పాపను చంపిందని ఊరంతా పాకింది.

ఆదివారం ఆరాధనలో ఉన్నాం. నీ అల్లుడు వాక్యం చెబుతున్నాడు. బయట కేకలు వినిపించాయి. చూస్తే బాలవ్వను జుట్టు పట్టి రోడ్డు మీద ఈడ్చుకొస్తున్నారు. చీర సగం ఊడి మట్టిలో జీరాడుతోంది. ఒకడు రాయితో ఆమె నోటి మీద కొట్టాడు. ముందు పళ్లు రాలిపోయాయి. రాకేశ్ చేతిలో పెట్రోలు సీసా ఉంది. ఆమె ఎలా విడిపించుకుందో తెలియదు, వచ్చి మన చర్చి మెట్ల మీద పడింది. తలుపును అరచేతులతో బాదింది.

సంఘ పెద్ద రాంచందర్ అప్పటికే లోపల గడియ పెట్టేశాడు. "తియ్యకుండ్రి అయ్యగారూ. గది వాళ్ల పంచాయితీ. మనం ఉన్నదే కొన్ని ఇండ్లు. రేపు మనల కూలికి ఎవరు పిలుస్తరు?" అన్నాడు.

నీ అల్లుడు బైబిలు మూశాడు. "మనం లోపల కూసొని పాడుకునేటందుకేనా పెద్దయ్యా, గీ గుడి కట్టుకున్నది?" అని అడిగాడు. రాంచందర్ జరగలేదు. ఈయన ఆయన్ని భుజం పట్టి తప్పించి గడియ తీశాడు.

గడప దాటగానే కర్ర దెబ్బ పడింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది. కింద పడితే డొక్కలో తన్నారు. అయినా పాకుతూ పోయి బాలవ్వ మీద అడ్డంగా పడుకున్నాడు. మగవాళ్లు తలుపు దగ్గరే నిలబడిపోయారు. ముందు కదిలింది కొమురవ్వ. పండుముసలి, పాటల పుస్తకం చంకలో పెట్టుకునే పోయి ఆ ఇద్దరి పక్కన కూర్చుంది. ఆ వెనక ఆడవాళ్లం ఒక్కొక్కరం పోయి చుట్టూ కూర్చున్నాం. రాళ్లు పడ్డాయి. నా నుదురు చిట్లింది. రాకేశ్ మా మీద పెట్రోలు చల్లాడు. కళ్లు మండిపోయాయి. అగ్గిపెట్టె తీశాడు.

"అంటువెట్టు బిడ్డా. మొదలు నాకే పెట్టు. నీ పెండ్లికి వండి పెట్టిన చేతులు గివ్వే" అంది కొమురవ్వ.

అతను పుల్ల గీయలేకపోయాడు. అగ్గిపెట్టె జారిపోయింది. గుంపులో ఎవరో "ఇడ్సిపెట్టుండ్రి, ఇగ చాలు" అన్నారు. జనం వెనక్కి తగ్గారు. ఆ గందరగోళంలోనే రాకేశ్ దవడ విరిగింది. ఎవరు కొట్టారో చూడలేదని మన సంఘమంతా పోలీసులకు చెప్పింది.

బాలవ్వ ఇప్పుడు చర్చి వెనక గదిలో ఉంటోంది. దీని మీద కూడా గొడవైంది. "గింత చేసినం గదా, బాప్తిస్మం ఇద్దాం. పది మందికి సాక్ష్యమైతది" అన్నాడు రాంచందర్. నీ అల్లుడికి ఎన్నడూ రానంత కోపం వచ్చింది. "ఆమె అడిగిననాడు ఇస్తం. మన దెబ్బలకు కూలి వసూలు చేస్తమా?" అన్నాడు. బాలవ్వ ఆదివారం గుమ్మం దగ్గర కూర్చుని పాటలు వింటుంది. ఏమీ అడగలేదు. మేమూ ఏమీ అడగలేదు.

చర్చి పైవాళ్లు నీ అల్లుడికి హుస్నాబాద్‌కు బదిలీ ఇస్తామంటున్నారు కదా, తీసుకొమ్మని రాశావు. లేదంటే కొన్నాళ్లు నీ దగ్గరకు రమ్మన్నావు. రాలేనవ్వా. ఎందుకో చెబుతాను. ఇది నీకు చెప్పడానికే ఇన్ని మాటలు రాశాను.

రాకేశ్‌ను కొట్టింది నేనే.

జనం తగ్గిన తర్వాత అతను రోడ్డు మీదే చతికిలబడ్డాడు. చేతిలో సీసా లేదు, కర్ర లేదు. పాప పేరు పిలుస్తూ ఏడుస్తున్నాడు. నీ అల్లుడు రక్తం కక్కుతున్నాడు. నేను లేచి వెళ్లి, గంట కొట్టే ఇనుప కడ్డీ తీసుకొచ్చి, బలమంతా పెట్టి అతని ముఖం మీద కొట్టాను. రెండోసారి ఎత్తితే కొమురవ్వ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోకపోతే చంపేసేదాన్ని. కొట్టినప్పుడు నాకు హాయిగా అనిపించిందవ్వా. అదే నన్ను తినేస్తోంది.

అందరూ నన్ను దాచారు. "పాస్టరమ్మ పేరు బయటికొస్తే సంఘం పరువేం కావాలె?" అన్నాడు రాంచందర్. నేను నిద్ర పోలేకపోయాను. స్టేషనుకు పోయి ఒప్పుకుంటానని నీ అల్లుడికి చెప్పాను. లేచి చెప్పులు వేసుకుని "నడువు, నేను గూడ వస్త" అన్నాడు. స్టేషనుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. నా మీద కేసు పెట్టారు. వాళ్ల మీదా ఉంది. కోర్టుకు తిరగాలి. శిక్ష పడవచ్చు. కొందరు ఆరాధనకు రావడం మానేశారు. రాంచందర్ నాతో మాట్లాడడం లేదు. అతని భయం అబద్ధమని నేను అనలేను.

రాకేశ్ ఆసుపత్రి నుంచి తన ఇంటికి వచ్చాడు. దవడకు తీగలు కట్టారు, నమలలేడు. జొన్న జావ కాచి తీసుకుపోయాను. అతని భార్య జమున గిన్నె లాక్కుని వేడి జావ నా మీదే కుమ్మరించింది. మెడ కాలింది. మర్నాడు మళ్లీ పోయాను. చెంప పగలగొట్టి, "నా బిడ్డను మన్నుల పెట్టుకొని నేనుంటే, నా మొగన్ని కొట్టి జావ తెస్తవా? నీకు సిగ్గు లేదా?" అని అరిచింది. వాకిట్లోనే నిలబడ్డాను. ఆమె తలుపు వేసుకుంది. గిన్నె గడప మీద పెట్టి వచ్చాను. అట్లా రోజూ పోతున్నాను. రోజూ జావ కుక్కలు తాగేసి గిన్నె ఖాళీగా దొరికేది.

ఇలాంటివాళ్ల గడప దగ్గరకు పోకపోతే మనకు చర్చి ఎందుకవ్వా? ఇది నేను వాక్యం చదివి తెలుసుకున్నది కాదు. కొట్టి తెలుసుకున్నాను. అందుకే ఊరు విడిచి రాలేను.

నిన్న పోయేసరికి జమున గడపలోనే నిలబడి ఉంది. కొడుతుందేమోనని కళ్లు మూసుకున్నాను. గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. వేలు ముంచి రుచి చూసింది. నా ముఖం వంక చూడకుండా, "గాయన గింత సప్పగ తాగడు. రేపు జర ఉప్పెక్కువెయ్యి" అని లోపలికి పోయింది.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
ప్రిస్కిల్లా