బోర్డు మీద తాళంచెవి

మార్చి 3
కొత్త బోర్డు ఎక్కింది. దాని మీద షాపు పేరు లేదు, ఫోన్ నంబర్ లేదు. బంగారు తాళంచెవి ఎమోజీ, డాట్, రెండక్షరాలు. అదే మా వెబ్‌సైట్ అడ్రస్. నంబరైనా వేయించమని మా ఆయన్ని బతిమాలాను. క్లీన్ లుక్ పోతుందట. తాళాలు తీసేది నేను, ఇలాంటి వెబ్ అడ్రసులు, అదే డొమైన్లు, కొనేది ఆయన. నాన్న నడిపిన షాపు ఇది. నెలాఖరుకు పుంజుకోకపోతే మూసేసి నేను ఎవరి దగ్గరో పనికి కుదరాలి.

మార్చి 9
ఫోన్ మోగలేదు.

మార్చి 14
పాత కస్టమర్ ఒకావిడ దారిలో కనిపించి వెబ్‌సైట్ అడ్రస్ అడిగింది. తాళంచెవి బొమ్మ డాట్ అన్నాను. ఆవిడ తాళంచెవి అని అక్షరాల్లో కొట్టి, ఏమీ రావట్లేదేంటమ్మా అంది. ఇంటికొచ్చి లింక్ పంపితే బొమ్మ పోయి ఎక్స్ఎన్ అంటూ పిచ్చిరాత వెళ్లింది. వైరస్ అనుకుని నన్ను బ్లాక్ చేసింది.

మార్చి 20, మధ్యాహ్నం
అసలు సంగతి ఇప్పుడు తెలిసింది. ఫోన్ కీబోర్డులో తాళంచెవులు రెండున్నాయి. మాది ఒకటి, పాతకాలపుది ఇంకొకటి. ఆ రెండో బొమ్మతో ఉన్న అడ్రస్‌ని మెయిన్ రోడ్డులో తాళాల షాపాయన ఎప్పుడో కొనేశాడు. మా బోర్డు చూసి జనం ఆయన్ని పిలుస్తున్నారు! మా ఆయనకు చెబితే, బొమ్మ సరిగ్గా చూసి నొక్కలేరా అని జనం మీద విసుక్కున్నాడు. ఒళ్లు మండింది. పెయింటుతో నంబర్ రాసేస్తానంటే అలిగి అన్నం మానేశాడు. ఏం చేయాలో తోచడం లేదు.

మార్చి 27
స్టోర్‌రూమ్ తలుపుకు, మూయగానే దానంతటదే పడే ఆటో లాక్ బిగిస్తున్నాను. గాలికి తలుపు మూసుకుపోయి లోపల ఇరుక్కుపోయాను. లోపలి పిడి ఇంకా పెట్టలేదు. పనిముట్లు, ఫోన్ బయట కౌంటర్ మీద. మా ఆయన ఊళ్లో లేడు. బాదీ బాదీ చేతులు వాచాయి. భయంతో ఏడ్చాను కూడా. చివరికి పక్క షాపు టైలరమ్మ విని వచ్చింది. కంగారుపడకమ్మా, తాళాలవాళ్లని పిలుస్తానంటూ, నేను చెప్పేది వినకుండా వీధిలోకి పరుగెత్తి, మా బోర్డే చూసి ఫోన్లో తాళంచెవి నొక్కింది.

మెయిన్ రోడ్డు షాపాయన వచ్చాడు. ఆ లాక్ ఆయనకు కొత్త. ఎక్కడ నొక్కాలో, ఎటు తిప్పాలో లోపలి నుంచి నేనే చెప్పాను. తలుపు తెరుచుకున్నాక డబ్బు వద్దన్నాడు. మీలాంటి పనిమంతురాలు నా దగ్గరుంటే బాగుండునమ్మా అన్నాడు. నేను లోపలి పిడి బిగించడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ 2
మెయిన్ రోడ్డు షాపులో మొదటి రోజు. పొద్దున్నుంచి ఫోన్ ఆగలేదు. అందరూ మా వీధిలో ఆ బోర్డు చూసి చేస్తున్నవాళ్లే.