సూది దిగేలోపు రెండు లైన్లు

అక్కా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. రేపటికని పెట్టుకున్న లీవ్ ఇవాళ కాన్సిల్ చేశాను. ఎందుకో నీకే చెప్పాలి.

పొద్దున బ్లడ్ తీయడానికి వెళ్తే బెడ్ మీద ఒక ఆస్ట్రేలియా తాత. ఇక్కడ మన ఇర్వింగ్‌లో ఉన్న కూతుర్ని చూడ్డానికి వచ్చి జబ్బుపడ్డాడు. సూది చూడగానే చెయ్యి దుప్పట్లో దాచేసుకున్నాడు. ఎంత బతిమాలినా ఇవ్వడే! ఆస్ట్రేలియాలో నర్స్‌గా ఉన్నప్పుడు నువ్వు చేసిన పనే నేనూ చేశాను. నువ్వు నేర్పిన అక్కడి పల్లెల బుష్ పద్యం మొదటి రెండు లైన్లు ఎత్తుకున్నాను. అదే, ఎండిన వాగు, దుమ్ము, గుర్రం మీద ఒక్కడే పోయేవాడు.

తాత నోరు తెరిచి చూశాడు. మూడో లైను ఆయనే అందుకున్నాడు. చెయ్యి దానంతటదే బయటికొచ్చింది.

ఆ గుర్రం మీదివాడు ఇల్లు చేరాడా అని నిన్నెన్నిసార్లు అడిగానో! "ఏమోనే, సూది తీయగానే, మిగతాది వినకుండా పక్క బెడ్‌కి వెళ్లిపోయేదాన్ని" అనేదానివి.

నేనూ వెళ్లబోయాను. "రేపు రా, మిగతాది చెప్తా" అన్నాడు తాత. రేపు మళ్లీ బ్లడ్ తీయాలిలే.

"రేపు కూడా డ్యూటీయేనా?" అని అమ్మ కోప్పడింది. చర్చ్‌లో ప్రేయర్ సాయంత్రమే కదా, డ్యూటీ నుంచి నేరుగా వచ్చేస్తానన్నాను.

రేపు సూది తీశాక నేను కదలను. వాడు ఇల్లు చేరాడో లేదో తేలాకే పక్క బెడ్.

నీ చెల్లి